రత్నక్కకు ఎవరూ చెప్పని గురక

ఆ రోజు మా బడిలో ఇంటర్వెల్ గంటసేపు సాగింది. పదిన్నరకు మొదలై పది యాభైకి అయిపోవాల్సింది, పదకొండున్నర దాకా పిల్లలు కింద ఆడుతూనే ఉన్నారు. స్టాఫ్‌రూమ్‌లో మేమందరం గంట కోసం చూస్తున్నాం. గంట కొట్టలేదు కాబట్టి ఇంకా టైం ఉందనే అనుకున్నాం. వాచీ చూసుకున్నవాళ్ళు తమ వాచీనే అనుమానించారు. చివరికి హెడ్‌మాస్టర్ మంగేష్ సార్ మెట్లు దిగి వెళ్ళి చూస్తే, ఇత్తడి గంట పక్కన స్టూలు మీద, గోడకు తల ఆనించి, ఒళ్ళో కొయ్యసుత్తి పెట్టుకుని రత్నాబాయి నిద్రపోతోంది.

నేను ఆ మున్సిపల్ బడిలో తెలుగు మీడియం టీచర్ని. రత్నాబాయి అక్కడ ప్యూను. అంతకంటే ముందు ఆమె మా పక్కింటి మనిషి. కామాఠిపురా పదకొండో గల్లీలోని చాల్‌లో, అంటే గ్యాలరీ వెంట వరసగా ఒంటి గదులున్న పాత మేడలో, మూడో అంతస్తు మాది. నాది పద్దెనిమిదో గది, ఆమెది పంతొమ్మిది. రెండు గదుల మధ్య ఉన్నది గోడ అని చెప్పుకోవడమే కానీ, నిజానికి చెక్కపలకల మీద సున్నం. అటు పోపు పెడితే ఇటు తుమ్ములొస్తాయి. అందరూ ఆమెను రత్నాబాయి అంటారు, నేను మాత్రం రత్నక్క అనేదాన్ని.

మంగేష్ సార్ చెడ్డవాడు కాదు. కానీ ఆ నెలలో అది మూడోసారి. మెమో రాసి ఆమె చేతికిచ్చాడు. సాయంత్రం ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో కూర్చుంది.

"నాకేం సమజైతలేదు టీచరమ్మా," అంది. "రాత్రి పదికి పండుకుంట, పొద్దుగాల అయిదున్నరకు లేస్త. నడుమ ఒక్కపారి గూడ మెలకువ రాదు. నా తీరుగ పండుకునేటోళ్ళు ఈ చాల్‌ల ఎవరున్నరు చెప్పు. అయినా దినమంతా నిద్రే. తల బరువు. నిద్ర తక్కువైనోళ్ళు కునుకు తీస్తరంటే అర్థముంది, ఎక్కువైనోళ్ళు గూడ తీస్తరా?"

వయసులే అక్కా అన్నాను.

రత్నక్కకు అప్పుడు యాభై ఆరు. తాత మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో గోడలు కట్టాడు. భర్త గంగారాం ఆ గోడలకే తాళ్ళ ఊయల మీద వేలాడుతూ రంగులు వేసేవాడు. తొమ్మిదేళ్ళ కింద కామెర్లు ముదిరి పోయాడు. ఒక్కడే కొడుకు స్వప్నిల్, గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర మొబైల్ రిపేరు చేస్తాడు. వాడికి రెండేళ్ళ కింద వర్లి నుంచి పూనంను తెచ్చి పెళ్ళి చేసింది. పూనం వాళ్ళూ మనవాళ్ళే కానీ ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. అత్త తెలుగులో అడిగితే కోడలు మరాఠీలో జవాబు చెప్పేది, మధ్యలో ఎక్కడో మాట కలిసేది. నాతో మాత్రం గల్లీలో నేర్చిన తెలుగే మాట్లాడేది. రాత్రి ఇద్దరూ నిచ్చెన ఎక్కి అటక మీద పడుకునేవాళ్ళు, రత్నక్క కింద మంచం మీద.

ఆమెకు బీపీ ఉందని నాలుగేళ్ళ కిందే తెలిసింది. గల్లీ చివర డిస్పెన్సరీలో మొదట ఒక గోలీ ఇచ్చారు. తగ్గలేదని రెండోది, తర్వాత మూడోది. అయినా బీపీ దిగలేదు. డాక్టరుకు అనుమానం వచ్చింది. గోలీలు నిజంగా వేసుకుంటున్నారా, లేక డబ్బాలో దాస్తున్నారా అని అడిగాడు. రత్నక్కకు కోపం వచ్చింది. మర్నాడు మూడు నెలల ఖాళీ స్ట్రిప్పులన్నీ రబ్బరు బ్యాండు వేసి తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టింది. ఆయన వాటిని చూసి, ఆమెను చూసి, ఉప్పు తగ్గించమన్నాడు. ఉప్పు తగ్గించింది. సాయంత్రానికి కాళ్ళు ఉబ్బడం మాత్రం మానలేదు.

మెమో వచ్చిన రెండు వారాలకు బడి మెట్ల మీదే కూలబడింది. పై అంతస్తుకు హాజరు పుస్తకం తెస్తోంది. నేను దగ్గరకు పోయేసరికి ఛాతీ మీద చేయి పెట్టుకుని, "లోపల పావురం కొట్టుకున్నట్టున్నది," అంటోంది. మణికట్టు పట్టుకుని చూశాను. నాడి ఒక వరసలో లేదు. రెండు కొట్టుకుని ఆగి, మళ్ళీ అయిదు ఒకేసారి. టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పూనం తాను పనిచేసే బ్యూటీ పార్లరు నుంచి పరుగెత్తుకొచ్చింది.

ఈసీజీ తీశారు. గుండె డాక్టరు పేరు సీమా. నలభై దాటిన మనిషి, మాట మెల్లగా. గుండె పై గదులు లయ తప్పాయని, నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోకుండా గోలీ ఇస్తామని చెప్పింది. పాత కాగితాలన్నీ తిరగేసింది. మూడు గోలీలు వేసుకున్నా బీపీ దిగలేదు, పగలు నిద్ర, పొద్దున తలనొప్పి. ఆ మూడూ ఒకదాని పక్కన ఒకటి రాసుకుంది. తర్వాత తలెత్తి అడిగింది.

"మీరు గురక పెడతారా?"

రత్నక్క నవ్వింది. "లేదు మేడం."

"రాత్రి ఊపిరి ఆగినట్టు, ఉక్కిరిబిక్కిరి అయినట్టు?"

"ఏం లేదు. పండుకుంటే పొద్దుగాలనే లేసుడు."

డాక్టరు పూనం వైపు చూసింది. "ఇంట్లో ఎవరైనా గమనించారా?"

పూనం తల దించుకుని, "ఠీక్ ఝోప్తాత్," అంది, బాగానే పడుకుంటారు అని. డాక్టరు నా వైపు కూడా చూసింది. పక్కింటి టీచర్ని అని అప్పుడే చెప్పి ఉన్నాను. నేను కిటికీ వైపు చూశాను.

ఎందుకు చెప్పలేదో ఇవాళ్టికీ నాకు సరిగ్గా తెలియదు. ఆ గురక నేను పంతొమ్మిదేళ్ళుగా వింటున్నాను. పక్క గదిలోనే కాదు, గ్యాలరీ చివర కుళాయి దాకా వినిపిస్తుంది. చాల్‌లో అందరికీ తెలుసు. తెలియనిది ఆమెకొక్కదానికే. అంతమంది రోగుల ముందు, ఆమె లేదని నవ్విన తర్వాత, ఉంది అని నేనెలా అనగలను? పైగా గుండె జబ్బుకు గురకతో పనేమిటి అని కూడా అనుకున్నాను. మందులు తీసుకుని ముగ్గురం ఇంటికొచ్చేశాం.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర పూనం బిందె నిండి పొర్లుతున్నా చూడకుండా నిలబడి ఉంది. నేనే కుళాయి కట్టేశాను.

"టీచర్, నిన్న నేను అబద్ధం చెప్పిన," అంది.

"నేనూ చెప్పాను పూనం."

"మీకు తెల్సా, అది ఆగుతది. గురక కాదు టీచర్, అదైతే అలవాటైంది. అది ఆగుతది. మొత్తం సైలెంట్. నేను పైన పండుకుని లెక్కపెడ్త. ఇరవై, ముప్పై. ఒకపారి నలభై రెండు దాకా పోయింది. మళ్ళ గట్టిగ గుర్రుమని మొదలైతది. అప్పటిదాంక నాకు శ్వాస రాదు."

"స్వప్నిల్?"

"ఆయనకేం, రాయి లెక్క పండుకుంటడు. పుట్టినప్పటి సంది విన్నడు కదా. నేను చెప్తే, మా ఆయీ, అమ్మ, మొదటి నుంచి అంతే అంటడు. ఎక్కువసేపు ఆగితే నేను నిచ్చెన దిగొచ్చి కాలు ముడ్తా. కదుల్తరు, మళ్ళ శ్వాస తీస్తరు."

రత్నక్క నాతో నెలల తరబడి చెప్పుకున్న ఫిర్యాదు ఇదే: కోడలు రాత్రిళ్ళు ఊరికే కిందికి దిగుతుందని, నీళ్ళు తాగడం ఎక్కువైందని, షుగరేమో చూపించమంటే వినదని. ఎప్పుడైనా అర మెలకువలో కోడలి కాళ్ళు నిచ్చెన మీద చూసి ఉంటుంది. తనను చూడటానికే దిగుతోందని ఆమెకు తట్టలేదు. నేను కూడా ఆ ఫిర్యాదు విని తలూపాను, ఈ గురక వింటూనే.

"మరి ఆమెకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె? కోడలొచ్చి సాసూబాయికి, మీరు గురక పెడ్తరు అని చెప్తదా? వర్లిల మా ఆయీ గూడ వద్దన్నది."

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాం. నేను మొదలుపెట్టాను, సరిగ్గా చెప్పలేకపోయాను. డాక్టరు అడిగింది కదా, ఒకసారి ఆలోచించు, ఒక్కోసారి మనకు తెలియకుండానే అంటూ చుట్టూ తిరిగాను. రత్నక్కకు సహనం తక్కువ.

"గురక మొగోళ్ళు పెడ్తరు. తాగినోళ్ళు పెడ్తరు. నేనెందుకు పెడ్త?" అంది.

పూనం ఫోను తీసింది. రెండు రాత్రుల కింద రికార్డు చేసిందట. నాకూ చెప్పలేదు. గదిలో ఆ శబ్దం మొదలైంది. పగటిపూట, ఎండలో, అన్నం గిన్నెల మధ్య అది ఎవరిదో వేరే మనిషిది అన్నట్టు వినిపించింది. రంపం కోసినట్టు పైకి పోతోంది, దిగుతోంది.

"ఇది నేను గాదు," అంది రత్నక్క. "స్వప్నిల్‌ది."

"నేను పైనున్న ఆయీ. ఇది కింది నుంచి వస్తున్నది," అన్నాడు స్వప్నిల్. ఇన్నేళ్ళూ అలవాటైపోయిన చప్పుడును వాడు మొదటిసారి చెవిపెట్టి వింటున్నాడు.

అంతలో శబ్దం ఆగింది. ఫోనులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. రత్నక్క ఫోను పాడైందనుకుని పూనం వైపు చూసింది. పూనం తల అడ్డంగా ఊపింది. మేం నలుగురం ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాం. రత్నక్క చేయి మెల్లగా తన మెడ మీదికి పోయింది. తర్వాత ఒక్కసారిగా, నీళ్ళలో మునిగి పైకి లేచిన మనిషిలా, ఊపిరి పీల్చిన శబ్దం వచ్చింది. దాని వెనకే ఒక మూలుగు. ఆ మూలుగు మాత్రం అచ్చంగా ఆమె గొంతే. ఎవరూ కాదనలేరు.

రత్నక్క నా వైపు తిరిగి అడిగింది. "టీచరమ్మా, నీకు తెల్సా?"

"తెలుసు అక్కా."

"ఎప్పటి సంది?"

"మీ ఆయన ఉన్నప్పటి నుంచి."

ఆమె గుమ్మం వైపు చూసింది. "ఆయన బయట గ్యాలరీల పండుకునేటోడు. పన్నెండేండ్లు. ఉక్కపోస్తదనేటోడు. డిసెంబర్ల గూడ అక్కడనే పండుకునేటోడు. ఉక్క ఎక్కడిది డిసెంబర్ల? నా మీద ఏదో కోపమున్నదనుకున్న. అడగలె," అంది.

నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. బడిలో గంట మాత్రం అదిరిపోయేలా కొట్టేది. అయిదో రోజు తానే వచ్చి, డాక్టరు దగ్గరకు ఎప్పుడు పోదాం అని అడిగింది.

ఈసారి డాక్టర్ సీమా ముందు పూనం అంతా చెప్పింది, నలభై రెండు లెక్కతో సహా. డాక్టరు కలం ఆపి ఆ అమ్మాయిని చూసి, "నువ్వు ఎన్నాళ్ళ నుంచి నిద్రపోలేదు?" అని అడిగింది. పూనంకు ఏడుపొచ్చింది. రత్నక్క కోడలి వైపు తిరిగి కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

ఒక చిన్న యంత్రం ఇచ్చి ఇంటికి పంపారు. ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి క్లిప్పు. ఒక రాత్రి పెట్టుకుని పడుకుని తిరిగి ఇవ్వాలి. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. గంటకు సగటున నలభై ఒక్కసార్లు ఊపిరికి అడ్డం పడుతోంది. నెత్తురులో ప్రాణవాయువు తొంభై అయిదు శాతం దగ్గర ఉండాల్సింది డెబ్బై నాలుగుకు జారుతోంది.

"గంటకా, రాత్రికా?" అని రత్నక్క రెండుసార్లు అడిగింది.

"గంటకే. నిద్రలో గొంతు వెనక కండలు వదులవుతాయి. అందరికీ అంతే. మీకు మరీ వదులై దారి మూసుకుపోతోంది," అంది డాక్టరు. "ఛాతీ గాలి కోసం గుంజుతుంది, గాలి లోపలికి రాదు. మెదడు భయపడి కేక పెడుతుంది. అప్పుడు గొంతు తెరుచుకుంటుంది. ఆ మెలకువ రెండు మూడు సెకన్లే, మీకు గుర్తుండదు. కానీ ఆ కేక ప్రతిసారీ గుండెకు తగులుతుంది. బీపీ పైకి లేస్తుంది, గుండె పరుగెడుతుంది. రాత్రి గుండె నెమ్మదించాల్సిన టైం. మీ గుండెకు ఆ టైం దొరకడం లేదు. ఏళ్ళ తరబడి అలా జరిగితే గోలీలకు బీపీ లొంగదు. గుండె గదులు సాగుతాయి, లయ తప్పుతాయి."

"అంటే నేను పండుకుంటున్ననుకున్న, కాని పండుకుంటలేను."

"సరిగ్గా అంతే."

"మరి గురక పెట్టేటోళ్ళందరికీ గుండె చెడిపోతదా?"

"లేదు. గురక వేరు, ఊపిరి ఆగడం వేరు. ఆగేవాళ్ళలో కూడా అందరికీ గుండె చెడదు. ముప్పు పెరుగుతుంది."

"మరి నాకు బీపీ దీనివల్లే వచ్చిందా, దానంతట అది వచ్చిందా?"

డాక్టరు కాస్త ఆలోచించింది. "అది నేను కచ్చితంగా చెప్పలేను. బరువు ఉంది, వయసు ఉంది. ఒకటి ఇంకోదాన్ని పెంచుతూ పోతుంది."

బయటికొచ్చాక రత్నక్క ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని వేళ్ళు మడిచింది. "రోగం గొంతుల. నొప్పి గుండెల. పరీక్ష వేలుకు. మందు ముక్కుకు. నీకేమన్న సమజైందా టీచరమ్మా?" సగం అర్థమైందన్నాను. "నాకు ఆ సగం గూడ కాలె," అంది.

ముక్కుకు మందు అంటే, గాలి ఊదే మిషను. తొడుగు ముఖానికి కట్టుకుని పడుకుంటే ఆ గాలి గొంతును తెరిచి ఉంచుతుంది. ఆసుపత్రి వాళ్ళే ఒక ట్రస్టుతో మాట్లాడి వాడటానికి ఇప్పించారు. అది వచ్చిన రోజు మా అంతస్తు మొత్తం చూడటానికొచ్చింది. గదిలో ఉన్నది రెండే ప్లగ్గులు, ఒకటి ఫ్రిజ్‌ది, ఒకటి టీవీది. టీవీది పీకారు.

మొదటి మూడు వారాలు నరకం. తొడుగులో ఊపిరాడటం లేదనేది. పొద్దున లేచేసరికి తొడుగు మంచం కింద ఉండేది. తాను తీయలేదని ఒట్టు పెట్టేది. "పూనం తీసిందా?" అని ఒకసారి అడిగి, అడిగినందుకు తానే సిగ్గుపడింది. నాతో మాత్రం మెల్లగా అంది: "పండుకున్నంక నేను ఏమేం చేస్తున్ననో నాకే ఎరుక లేదు. ఇంకా ఏమేం చేస్తున్ననో." ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో భయం చూశాను. గుండె లయ తప్పిందన్నప్పుడు కూడా అంత భయపడలేదు.

పూనమే మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళి ముఖమంతా కప్పే తొడుగు బదులు ముక్కుకు మాత్రమే పట్టేది తెచ్చింది. పగలు టీ తాగాక పది నిమిషాలు, తర్వాత పావుగంట అలవాటు చేయించింది. అత్తాకోడళ్ళిద్దరూ గడియారం చూస్తూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. అంతకుముందు వాళ్ళిద్దరూ అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు.

ఒక పొద్దున రత్నక్క పళ్ళు తోముకుంటూ మా గుమ్మం ముందు ఆగిపోయింది. నుదురు నొక్కుకుని చూసుకుంటోంది.

"ఏమైంది అక్కా?"

"తల నొస్తలేదు."

"మంచిదే కదా."

"మంచిదే. కాని ఏందో పోగొట్టుకున్నట్టున్నది. ఎన్నేండ్ల సంది లేస్తనే తల నొస్తుండె. అందరికీ అట్లనే ఉంటదనుకున్న," అంది. మళ్ళీ నుదురు నొక్కుకుంటూ వెళ్ళింది.

పూనం కథ వేరుగా నడిచింది. గురక ఆగిపోయాక ఆ అమ్మాయికి నిశ్శబ్దంలో నిద్ర పట్టలేదు. చెవులు దాని కోసమే వెతికేవి. అలవాటు కొద్దీ నిచ్చెన దిగి, మిషను గాలి చప్పుడు విని మళ్ళీ ఎక్కేది. నెలన్నర పట్టింది తేరుకోవడానికి. తర్వాత ఒక ఆదివారం పదింటి దాకా లేవలేదు. రత్నక్క గిన్నెల చప్పుడు కాకుండా వంట చేసింది, మమ్మల్నందర్నీ గ్యాలరీలో మెల్లగా నడవమంది.

ఆరు నెలలకు పరీక్ష. తోడు నేను వెళ్ళాను. బీపీ చాలా దిగింది, మూడో గోలీ తీసేశారు. కాళ్ళ వాపు లేదు. మిషనులో ఉన్న లెక్క ప్రకారం ఊపిరి ఆగడం గంటకు నాలుగుకు తగ్గింది. కానీ గుండె లయ అలాగే తప్పి ఉంది. నెత్తురు పలచన చేసే గోలీ ఆపకూడదని, లయ సంగతి మళ్ళీ చూద్దామని డాక్టర్ సీమా అంది.

"అయితే గుండె బాగు కాలేనట్టే," అంది రత్నక్క.

"దాని మీద పడే భారం తగ్గింది. ఏళ్ళ నుంచి సాగిన గుండె ఒక్క మిషనుతో మొదటిలా అయిపోతుందని నేను మాటివ్వలేను. మిషను మాత్రం మానకండి."

ఆసుపత్రి గేటు దగ్గర టాక్సీ పిలవబోతే వద్దంది. నడుద్దాం అంది. ఏదో లెక్క తేలనట్టు ముఖం ముడుచుకునే ఉంది. మధ్యలో ఒకసారి, "బాగైనట్టా, కానట్టా?" అని తనలో తానే అనుకుంది. జవాబు చెప్పడానికి నాకు ఊపిరి లేదు. ఆమె అడుగులు అంత వేగంగా పడుతున్నాయి. గల్లీ మలుపు తిరిగి, చాల్ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. రెండో అంతస్తులో నేను ఊపిరి తీసుకోవడానికి రైలింగు పట్టుకుని ఆగాను. మూడో అంతస్తు నుంచి ఆమె అప్పుడే తాళం తీస్తున్న చప్పుడు వినిపించింది.